జిప్సీకి వెనక డిఫ్ లాకర్: మన సీమలో వేయించుకున్నవాళ్లు చెప్పండి

చీనీతోట_జిప్సీ (కళ్యాణదుర్గం):
అందరికీ నమస్కారం. నాది మారుతి జిప్సీ, 1.3 పెట్రోల్. కళ్యాణదుర్గం దగ్గర మాకు చీనీ తోట ఉంది. తోటకు పోవాలంటే మధ్యలో ఒక వంక దాటాలి. వాన పడినప్పుడల్లా గట్టు కోసుకుపోయి అడ్డదిడ్డంగా గుంతలు పడతాయి. బండి ఏటవాలుగా దిగేసరికి ముందు ఒక చక్రం, వెనక దానికి ఎదురు మూల చక్రం గాల్లోకి లేస్తాయి. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే లో గేరు) వేసినా ఆ రెండే తిరుగుతాయి, నేల మీద ఉన్నవి కదలవు. ట్రాక్టర్ పిలిపించి లాగించాల్సిందే. కాయ కోత రోజుల్లో ఇది చాలా టెన్షన్.

డిఫ్ లాకర్ (రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్‌ను బిగించేది) వేయిద్దామని గట్టిగా అనుకుంటున్నా. ఎయిర్ లాకరా (స్విచ్ వేస్తే గాలి ఒత్తిడితో పడేది), ఆటోమేటిక్ లాకరా (దానంతట అదే పడేది)? ముందుకా, వెనక్కా? ఈ పని మన వైపు చేసేవాళ్లు ఉన్నారా, బెంగళూరు తీసుకుపోవాలా?

పాతజీపు_కడప:
అన్నా, నువ్వు చెప్పిన ఇబ్బందికి లాకరే సరైన మందు. ఎందుకో కూడా చెప్తా. మామూలు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్లు) రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే బలం ఇస్తుంది. గాల్లో లేచిన చక్రం తిరగడానికి పెద్దగా బలం అక్కర్లేదు. నేల మీద ఉన్న చక్రానికి కూడా ఆ కొంచెమే అందుతుంది. ఇంజన్ ఎంత పెద్దదైనా లాభం లేదు. లాకర్ రెండు ఆక్సిల్ షాఫ్టులనూ (చక్రాలను తిప్పే కడ్డీలు) ఒకటిగా కలిపేస్తుంది కాబట్టి పట్టు ఉన్న చక్రం బండిని లాగుతుంది.

నా ఎం.ఎం.540కి వెనక ఆటోమేటిక్ లాకర్ ఉంది. డిఫ్ కేజ్‌ను (గేర్లను పట్టి ఉంచే గూడు) అలాగే ఉంచి, లోపలి చిన్న గేర్లు, అంటే స్టార్ పినియన్లూ సన్ గేర్లూ తీసి, వాటి చోట పెట్టే రకం. గాలి పైపులు, వైర్లు, స్విచ్చులు ఏమీ ఉండవు. గండికోట చుట్టుపక్కల బండరాళ్ల బాటల్లో ఇంతవరకూ నన్ను ఎక్కడా ఆపలేదు. తారు రోడ్డు మీద మాత్రం దాని తీరు వేరు. మలుపు తిరిగేటప్పుడు టక్ టక్ అంటుంది. మలుపులో యాక్సిలరేటర్ తొక్కితే బండి నేరుగా పోవడానికి చూస్తుంది, వదిలితే ఒక్కసారి సర్దుకుంటుంది. నాకు అలవాటైంది. ఇంట్లో వేరేవాళ్లు కూడా నడిపే బండి అయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించు.

నల్లరేగడి (ఆలూరు):
వంక వరకూ సరే. మా వైపు నల్లరేగడిలో మాత్రం లాకర్ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. తడి రేగడి టైరు గాడుల్లో నిండిపోతే రెండు చక్రాలూ కలిసి తిరిగినా రెండూ కలిసి జారడమే. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. పొలం గట్టు మీద, పక్కకు వాలిన బాట మీద పోతున్నప్పుడు లాక్ ఉండకూడదు. లాక్ లేనప్పుడు ఒక చక్రం జారుతుంది, రెండోది పెద్దగా తిరగకుండా బండిని పక్కకు పోకుండా పట్టుకుంటుంది. లాక్ వేస్తే రెండూ ఒకేసారి జారి బండి తోక పల్లం వైపు పోతుంది. పత్తి చేల మధ్య బాటల్లో ఇది నేను కళ్లారా చూశా. అందుకే మా నేలకు మన చేతిలో స్విచ్ ఉండే రకమే మేలు. అవసరమైన నాలుగు గజాలు వేసుకుని వెంటనే తీసేయొచ్చు.

థార్_కర్నూలు:
నాది 2020 తర్వాతి థార్. వెనక ఈటన్ వాళ్ల మెకానికల్ లాకర్ కంపెనీ నుంచే వచ్చింది. స్విచ్ ఉండదు. ఎడమ, కుడి చక్రాల వేగంలో తేడా సుమారు 100 ఆర్‌పీఎం దాటితే లోపలి గవర్నర్ బరువులు (వేగం పెరిగితే బయటికి జరిగేవి) విచ్చుకుని లాక్ పడుతుంది. బండి 30 కిలోమీటర్ల వేగం దాటితే లాక్ పడనివ్వదు. లాక్ కావాలంటే చక్రం కాసేపు తిరగాలి. కొత్తవాళ్లు చక్రం తిరగగానే భయపడి కాలు తీసేస్తారు, అందుకే మా బండికి లాక్ పడదు అంటారు. మెల్లగా, ఒకే తీరుగా తొక్కి పట్టి ఉంచితే ‘దబ్’ మని పడుతుంది. చక్రాన్ని విపరీతంగా తిప్పేసిన తర్వాత పడితే మాత్రం ఆక్సిల్‌కు పెద్ద దెబ్బ.

ఫోర్స్ గూర్ఖాకైతే ముందూ వెనకా రెండు లాకులూ కంపెనీ నుంచే వస్తాయి. జిమ్నీలో లాకర్ లేదు, తిరిగే చక్రానికి బ్రేకు వేసి ఎదురు చక్రానికి బలం పంపే పద్ధతి. కొత్త బండి కొనే ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని కూడా లెక్కలో వేసుకోండి. జిప్సీ ఉన్నవాళ్లకు బయటి లాకరే దారి.

గాలిమర_ఉరవకొండ:
నేను గాలిమరల మెయింటెనెన్స్‌లో పని చేస్తా. కొండల మీద టర్బైన్ల దగ్గరికి మా బండ్లు రోజూ ఎక్కుతాయి. లాకర్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది. టైర్లు మంచివి వేయించి, బాట మొదట్లోనే గాలి దించి చూడండి. 30 పీఎస్‌ఐతో ఎగిరెగిరి జారే చోట 18తో చాలాసార్లు నిదానంగా ఎక్కేస్తుంది. దర్గా హొన్నూరు వైపు ఇసుక మేటల్లో అయితే గాలి దించడమే ముఖ్యం. అక్కడ నాలుగు చక్రాలూ ఒకే రకం ఇసుకలో ఉంటాయి కాబట్టి లాకర్ వల్ల వచ్చే తేడా తక్కువ. చక్రం గాల్లోకి లేచే చోటే లాకర్ విలువ తెలుస్తుంది. తిరిగొచ్చి తారు ఎక్కే ముందు గాలి పట్టుకోవడం మరిచిపోకండి.

లాకర్ లేని రోజుల్లో మేము చేసేది ఇంకోటి: చక్రం ఊరికే తిరుగుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేకు కొంచెం తొక్కడం. తిరిగే చక్రానికి అడ్డు తగిలి ఎదురు చక్రానికి కాస్త బలం పోతుంది. ఫోర్ లో, ఫస్ట్ గేర్‌లో వేసుకుంటే క్లచ్ మీద కాలు పెట్టే పని ఉండదు. చిన్న గుంతలకు ఇది సరిపోతుంది.

చీనీతోట_జిప్సీ:
గాలి దించి, బ్రేకు తొక్కి చూశాను అన్నా. ఎండాకాలంలో దాటుతుంది. వానల తర్వాత గుంత లోతు పెరిగితే దాటడం లేదు. అందుకే లాకరే అని నిర్ణయించుకున్నా. మా నాన్న కూడా బండి నడుపుతాడు కాబట్టి పాతజీపు అన్న చెప్పిన ఆటోమేటిక్ రకం వద్దనుకుంటున్నా. వెనక్కి ఎయిర్ లాకర్. ఇక పని గురించి చెప్పండి.

క్రౌన్‌మేస్త్రి (తాడిపత్రి):
తమ్ముడూ, లారీల క్రౌన్ (డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ల చక్రం) పని, జీపుల పని నా వృత్తి. వెనక్కి అని మంచి నిర్ణయం తీసుకున్నావు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఎక్కువగా వెనక ఆక్సిల్ మీదే పడుతుంది. పైగా ముందు లాక్ వేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి తొక్కితే జిప్సీ ముందు జాయింట్లు విరుగుతాయి.

లాకర్ ఆర్డర్ పెట్టే ముందు ఆక్సిల్ షాఫ్టు బయటికి తీసి స్ప్లైన్లు (షాఫ్టు చివర ఉండే పళ్లు) లెక్కపెట్టు. జిప్సీకి సాధారణంగా 26 ఉంటాయి. పాత బండి అంటే ఎవరెవరో ఏవేవో మార్చి ఉంటారు, కాబట్టి కాగితం నమ్మొద్దు, చేత్తో లెక్కపెట్టు. విదేశాల నుంచి వచ్చే సామాను, తప్పు సైజు వస్తే వెనక్కి పంపడం పెద్ద తలనొప్పి.

పని ఇలా ఉంటుంది. గేర్ ఆయిల్ దింపి, జాయింట్ షాఫ్టు విప్పి, రెండు వైపులా డ్రమ్ములూ బ్రేక్ పైపులూ విప్పి ఆక్సిల్ షాఫ్టులు లాగాలి. జిప్సీలో క్రౌన్ అసెంబ్లీ మొత్తం హౌసింగ్‌లోంచి (ఆక్సిల్ గూడు) ముందుకు ఊడి వస్తుంది, బెంచీ మీద పెట్టుకుని హాయిగా పని చేయొచ్చు. పాత జీపుల్లో అలా కాదు, వెనక మూత తీసి బండి కిందే చేయాలి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఆ అసెంబ్లీలో ఏమీ విప్పక ముందే డయల్ గేజ్ (సన్న కదలికను కొలిచే మీటరు) పెట్టి క్రౌన్‌కూ పినియన్‌కూ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేరు) మధ్య ఇప్పుడు ఎంత ప్లే (పళ్ల మధ్య వదులు) ఉందో రాసిపెట్టుకోవాలి. బేరింగ్ క్యాపులకు ఎడమ, కుడి అని పంచ్‌తో గుర్తు పెట్టాలి, అవి అటూ ఇటూ మారకూడదు. క్రౌన్ వీల్‌ను పాత కేజ్ నుంచి విప్పి లాకర్ మీద కూర్చోబెట్టేటప్పుడు మధ్యలో ఒక్క రవ్వ మట్టి, ఒక్క బర్ (లోహం అంచున లేచిన గరుకు) ఉన్నా క్రౌన్ వంకర తిరుగుతుంది. బోల్టులు ఎదురెదురుగా బిగిస్తూ రావాలి, ఎర్ర లాక్‌టైట్ (బోల్టు వదులు కాకుండా వేసే జిగురు) వేయాలి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగించామో చూపే పానా). సైడ్ బేరింగులు కొత్తవి వేయించు, అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

పాత క్రౌన్ పినియనే వాడుతున్నావు కాబట్టి పినియన్ లోతు జోలికి పోవద్దు. ప్లే మాత్రం పక్కనున్న అడ్జస్టింగ్ నట్లతో సరిచేయాలి. ఒక వైపు ఎంత వదిలితే రెండో వైపు అంతే బిగించాలి, చివర్లో బేరింగ్ బిగింపు చూడాలి. ప్లే మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల లెక్కలో ఉంటుంది. నీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారమే పెట్టించు. ఆ తర్వాత పళ్లకు మార్కింగ్ రంగు పూసి తిప్పి చూడాలి. ముద్ర పన్ను మధ్యలో పడాలి. ‘చేత్తో ఊపి చూస్తే తెలిసిపోతుంది సార్’ అనే షెడ్డులో బండి పెట్టొద్దు. మా ఊరివాళ్లు ఒకరు అలాగే చేయించుకుంటే 60 కిలోమీటర్ల వేగం దాటగానే కూత మొదలైంది, కొన్నాళ్లకు క్రౌన్ పళ్లు రాలాయి.

ఇది బెంగళూరులోనే చేయాలని ఏమీ లేదు. ఊరు కాదు చూడాల్సింది. డయల్ గేజ్, టార్క్ రెంచ్ రెండూ ఉన్నాయా, వాటిని నీ ముందు వాడతాడా అని చూడు.

పాతజీపు_కడప:
మేస్త్రి గారి మాటకు నాదొకటి. డబ్బు మిగులుతుందని కొందరు స్టార్ గేర్లకు వెల్డింగ్ కొట్టించి లాక్ చేయిస్తారు. రోడ్డు మీద తిరిగే బండికి అది అసలే వద్దు. ఎప్పటికీ లాక్‌లోనే ఉంటుంది, ప్రతి మలుపులో టైరు ఈడ్చుకుంటూ పోతుంది, వాన రోడ్డు మీద బండి చెయ్యి దాటుతుంది, వెల్డింగ్ ముక్క ఊడితే క్రౌన్ మొత్తం పోతుంది. ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు.

గాలిమర_ఉరవకొండ:
ఎయిర్ లాకర్ చెడిందంటే ఎక్కువగా లోపలి భాగం వల్ల కాదు, గాలి పైపు వల్ల. పైపు సైలెన్సర్‌కు తగలకూడదు. ఆక్సిల్ కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి అక్కడ వదులుగా ఒక చుట్టు ఉంచాలి. మన ఎండకు కంప్రెసర్ బానెట్ కింద కాకుండా సీటు కింద పెట్టించుకోవడం మేలు, దుమ్ము కూడా తక్కువ. లాక్ వేసి ఉంచినప్పుడు కంప్రెసర్ మాటిమాటికీ ఆన్ అవుతుంటే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. సబ్బు నీళ్లు పోసి చూడు. లాక్ తీసినప్పుడు వాల్వ్ దగ్గర గేర్ ఆయిల్ చిమ్మితే లోపలి ఓ రింగులు (రబ్బరు సీళ్లు) పోయినట్టే.

ఆక్సిల్ బ్రీదర్ గొట్టం (హౌసింగ్‌లోకి గాలి వచ్చిపోయే దారి) కూడా అదే సమయంలో పొడవు చేయించి పైకి ఎక్కించు. వేడెక్కిన హౌసింగ్ వంక నీళ్లలో దిగితే లోపల గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీళ్లు లాక్కుంటుంది.

థార్_కర్నూలు:
కాగితాల విషయం కూడా చూసుకో అన్నా. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో సరిపోకుండా పోయే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా అడిగి జవాబు దాచిపెట్టుకో. వారంటీలో ఉన్న బండి వాళ్లయితే ఆక్సిల్ విప్పించే ముందు వారంటీ మీద ఆశ వదులుకోవాలి.

నల్లరేగడి (ఆలూరు):
అడవి వైపు పోయేవాళ్లకు కూడా ఒక మాట. లాకర్ ఉంది కదా అని నల్లమలలో బాట లేని చోట్లకు దిగకండి. అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు.

చీనీతోట_జిప్సీ:
అందరికీ చాలా థాంక్స్. పని అయిపోయింది. అనంతపురంలోనే చేయించా. మేస్త్రి గారు చెప్పినట్టు విప్పక ముందు ప్లే కొలిచి కాగితం మీద రాయించా, బిగించాక మళ్లీ నా ముందే కొలిచారు. రంగు ముద్ర ఫోటో తీసి పెట్టుకున్నా. రోడ్డు మీద చప్పుడు లేదు. నిన్న సాయంత్రం వంకలో వెనక చక్రం లేచింది. బండి ఆపి, లాక్ వేసి, ఫోర్ లో ఫస్ట్‌లో క్లచ్ వదిలా. రెండో చక్రం నిదానంగా తోసేసింది. అవతల ఒడ్డు ఎక్కగానే లాక్ తీసేశా. వెనక సీట్లో ఉన్న కాయల బాక్సులు కూడా కదల్లేదు.

ఆయిల్ ఎప్పుడు మార్చాలి? అదీ చెప్పండి మేస్త్రి గారూ.

క్రౌన్‌మేస్త్రి (తాడిపత్రి):
సంతోషం తమ్ముడూ. మొదటి ఆయిల్ 800 కిలోమీటర్లకే దింపెయ్యి, ఎంత శుభ్రంగా కనపడినా సరే. 80డబ్ల్యు-90, జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిల్ పోయి. లిమిటెడ్ స్లిప్ డిఫ్‌లకు (చక్రం జారడాన్ని కొంతవరకే ఆపే రకం) కలిపే అడిటివ్ దీనికి అక్కర్లేదు. దింపినప్పుడు డ్రెయిన్ ప్లగ్ చూడు. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా ఉండే బూడిద రంగు పేస్టు అంటుకుని ఉంటే భయం లేదు, కొత్తగా కూర్చున్న క్రౌన్‌కు అది మామూలే. గోటికి తగిలే ముక్కలు, రేకుల్లాంటివి కనపడితే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపకుండా బండి ఆపి నాకు ఇక్కడ రాయి. మొదటి మార్పు వరకూ బరువు వేసుకుని దూరం పోవద్దు.