మిషన్ ట్రిప్‌కి సామాన్లు సర్దుతున్నాం: మందులు, పవర్ బ్యాంకులు, కస్టమ్స్ గురించి సందేహాలు

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా చర్చి సంఘం నుంచి 14 మందిమి ఇంకో తొమ్మిది వారాల్లో విదేశానికి మిషన్ ట్రిప్‌కి వెళ్తున్నాం. సామాన్ల బాధ్యత నామీద పడింది. మనిషికి 23 కిలోల చొప్పున రెండు బ్యాగులు. ఒకటి సొంత బట్టలకి, రెండోది సంఘం సామాన్లకి అనుకున్నాం. ఆదివారం ఆరాధన తర్వాత ప్రకటన చేశామో లేదో, హాలు వెనక గది నిండిపోయింది. వాడిన బట్టలు, నోటుపుస్తకాలు, టూత్‌బ్రష్‌లు, ఇళ్లలో మిగిలిపోయిన మందులు, పాత కళ్లజోళ్లు, శానిటైజర్లు. ఇవికాక మా ప్రొజెక్టరు, అయిదు పవర్ బ్యాంకులు. ఏది తీసుకెళ్లాలి, ఏది ఆపాలి? మందుల గురించే ఎక్కువ టెన్షన్. స్ట్రిప్పుల్ని అట్టపెట్టెల్లోంచి తీసేస్తే చోటు కలిసొస్తుందని మావాళ్లు అంటున్నారు.

జవాబు (మూడుసార్లు వెళ్లొచ్చిన బ్రదర్):
వందనాలు బ్రదర్. స్ట్రిప్పులు మాత్రం బయటికి తీయకండి. మేం ఆ పని చేసే దెబ్బతిన్నాం. ప్లాస్టిక్ కవర్లలో పోసిన స్ట్రిప్పుల్ని కస్టమ్స్ ఆఫీసరు ఒక్కొక్కటే బల్లమీద పరిచి "ఇదేంటి, ఎవరికి?" అని అడుగుతున్నాడు. సగం కత్తిరించిన స్ట్రిప్పు మీద పేరు సగమే ఉంది, గడువు తేదీ అసలే లేదు. మూడు గంటలు నిలబడి, చివరికి ఆ బ్యాగు అక్కడే వదిలేసి బయటపడ్డాం.

అసలు అక్కడి సంఘాన్ని అడిగారా? "ఏం కావాలి?" అంటే మర్యాదకి "ఏదైనా పర్లేదు" అంటారు. అలాక్కాదు. బడిలో పిల్లలెంతమంది, ఏ తరగతులు, అక్కడ దొరకనివి ఏవి అని విడివిడిగా అడగండి. నోటుపుస్తకాలు బరువు, పైగా చాలాచోట్ల అక్కడే దొరుకుతాయి. వాళ్ల ఊళ్లోనే కొనిస్తే అక్కడి దుకాణదారుడికీ నాలుగు రాళ్లు మిగులుతాయి. వాడిన బట్టలు పక్కన పెట్టేయండి. కొన్ని దేశాలు వాటి దిగుమతిని నిషేధించాయి. ఫిలిప్పీన్స్‌లో 1966 నుంచే ఆ చట్టం ఉంది. బైబిళ్లు ఎక్కువగా తీసుకెళ్లేట్టయితే దానికీ ముందే అడగాలి. అన్ని దేశాలూ ఒప్పుకోవు.

జవాబు (నర్సుగా పనిచేస్తున్న సిస్టర్):
మందుల సంగతి నేను చెప్తాను అన్నయ్యా. విరాళంగా ఇచ్చే మందులు ఆ దేశం చేరేనాటికి కనీసం ఏడాది గడువుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్తున్నాయి. రోగికి ఇచ్చాక మిగిలినవి, ఉచిత శాంపిల్స్ పనికిరావు. పెట్టె మీద జెనరిక్ పేరు (కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు), అక్కడి వైద్య సిబ్బందికి అర్థమయ్యే భాష ఉండాలి. అంటే మీ గదిలో ఉన్నవాటిలో చాలావరకు తీసేయాల్సిందే. మిగిలినవాటికైనా అక్కడి ఆరోగ్యశాఖ అనుమతి కావాలేమో ఆ సంఘం ద్వారా కనుక్కోండి. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్, డయాజెపామ్ లాంటి మత్తు కలిగించే మందులు విరాళాల్లోకి రానివ్వకండి. టీములో ఎవరైనా సొంతానికి వాడుతుంటే డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి, కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి కూడా అడుగుతారు. ఇన్సులిన్ చెక్ఇన్ బ్యాగులో వేయొద్దు, గడ్డకడితే పాడైపోతుంది.

పాత కళ్లజోళ్లు చూస్తే జాలేస్తుంది గానీ, ఒక్కో కంటికి ఒక్కో పవరున్న అద్దాలు ఇంకొకరికి సరిపోవడం కష్టం. వాటి బదులు రెడీమేడ్ రీడింగ్ గ్లాసెస్ తీసుకోండి, +1.00 నుంచి +3.00 వరకు. చిన్న అక్షరాల కాగితం 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఏది పెట్టుకుంటే హాయిగా చదవగలుగుతున్నారో చూస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం నలుగురం కూర్చుని ఏరాం. మూడు అట్టపెట్టెల మందుల్లో సీలు తీయనివి, ఏడాది గడువున్నవి ఒక చెప్పులపెట్టెకి సరిపడా తేలాయి. పవర్ బ్యాంకుల మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంది, ఎయిర్‌లైన్ వాట్-అవర్లు అడుగుతోంది. ఇంకోటి, ఒక్కో రకం ఒక్కో బ్యాగులో వేస్తే లెక్క సులువు కదా?

జవాబు (మొదటి బ్రదర్):
లెక్క సులువే, కానీ ఆ బ్యాగు దారిలో తప్పితే ఆ రకం మొత్తం పోయినట్టే. అన్నీ కొంచెం కొంచెంగా పంచండి. ప్రతి బ్యాగుకీ నంబరు, లోపల ఒక జాబితా, టీము లీడరు దగ్గర దాని నకలు. జాబితాలో విలువ కూడా రాయాలి. విరాళమే కదా అని సున్నా వేయకండి, కస్టమ్స్ దగ్గర అది నడవదు. తూకం 22 కిలోల దగ్గర ఆపండి, ఇంటి కాటాకి ఎయిర్‌పోర్టు కాటాకి పడదు.

పవర్ బ్యాంకుకి ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 అయితే 74 వాట్-అవర్లు. సాధారణంగా 100 వరకు అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి. ఏదైనా సరే చేతి సంచిలోనే, చెక్ఇన్‌లో వేయకూడదు. శానిటైజర్ చెక్ఇన్‌లో వేస్తే సీసా అర లీటరు దాటకూడదు. సెంట్లు, స్ప్రేల్లాంటివన్నీ కలిపి మనిషికి రెండు లీటర్లే. ప్రొజెక్టరు తిరిగి తెచ్చుకునేదే కాబట్టి బిల్లు నకలు, సీరియల్ నంబరు దగ్గర పెట్టుకోండి. రెండు దేశాలూ ఏటీఏ కార్నెట్ (తిరిగి తెచ్చుకునే సామాన్లని సుంకం కట్టకుండా తీసుకెళ్లనిచ్చే కస్టమ్స్ పత్రం) ఒప్పుకుంటే అది తీసుకోవచ్చు, ఒక్క ప్రొజెక్టరుకి అంత తతంగం అవసరమా అన్నది మీ ఇష్టం.

ముఖ్యమైనది మరిచా. ఎవరి బ్యాగు వాళ్లే సర్దుకోవాలి. "ఇందులో ఏముందో తెలీదండి, చర్చివాళ్లు ఇచ్చారు" అని కౌంటరు దగ్గర ఒక్కరన్నా చాలు, టీము మొత్తం పక్కకి నిలబడాల్సొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ బ్రదర్, సిస్టర్. నిన్న రాత్రి అక్కడి పాస్టరు గారికి ఫోన్ చేసి, మీరన్నట్టే విడివిడిగా అడిగాను. నోటుపుస్తకాలు వద్దన్నారు. రీడింగ్ గ్లాసెస్ 40 కావాలట, ఫుట్‌బాల్‌కి గాలికొట్టే సూదులు ఓ డజను. బంతులున్నాయట, సూది విరిగి నెలల నుంచి మూలన పడున్నాయట.