ఆండ్రాయిడ్ అప్‌డేట్ తరువాత పాటల యాప్ తెరుచుకోవడం లేదు: ప్లేలిస్టులు పోకుండా బాగుచేసుకోవడం ఎలా?

ప్రశ్న: గానవాహిని, విజయనగరం

అందరికీ నమస్కారం. నా ఫోనుకు ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ వచ్చిందంటే రాత్రి చార్జింగులో పెట్టి ఇన్‌స్టాల్ చేశాను. ఉదయం లేచి చూస్తే నేను రోజూ వాడే పాటల యాప్ తెరుచుకోవడం లేదు. గుర్తు మీద నొక్కగానే తెర నల్లబడి, యాప్ పేరు ఒక్క క్షణం కనిపించి, వెంటనే మూసుకుపోతోంది. మళ్లీ నొక్కితే యాప్ తరచూ ఆగిపోతోందని సందేశం వస్తోంది. మిగిలిన యాప్‌లన్నీ మామూలుగానే పనిచేస్తున్నాయి.

ఇది ఇంటర్నెట్ నుంచి పాటలు వినిపించే యాప్ కాదు. ఫోనులోనూ మెమరీ కార్డులోనూ మనం దాచుకున్న ఫైళ్లను వినిపించే యాప్. మా గురువుగారు చెప్పిన పాఠాల రికార్డింగులు, మా తాతగారి హరికథల పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న ఫైళ్లు అన్నీ కార్డులో ఉన్నాయి. వాటిని రాగాల వారీగా, తాళాల వారీగా విడదీసి యాప్‌లో ప్లేలిస్టులు తయారుచేసుకున్నాను. ఆ వరుస పోతే మళ్లీ కూర్చడం నాకు చాలా కష్టం. దయచేసి ఏదీ చెరిగిపోకుండా యాప్ తెరుచుకునే మార్గం ఉంటే చెప్పగలరు.

జవాబు: శ్రీకర్

నమస్కారమండి. ముందుగా ఫోనును ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. పెద్ద అప్‌డేట్ అయిన తరువాత కొన్ని గంటలపాటు ఫోను లోపల యాప్‌లను కొత్త వెర్షన్‌కు తగినట్టు సిద్ధం చేసుకుంటూ ఉంటుంది కాబట్టి, చార్జింగులో ఉంచి కాసేపు దాని మానాన దాన్ని వదిలేయడం మంచిది. ఆ తరువాత ప్లే స్టోరులో మీ యాప్‌కు కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడండి. ఫోనులో ఖాళీ స్థలం బాగా తగ్గిపోయినా యాప్‌లు ఇలాగే మూసుకుపోతాయి, అదీ గమనించండి.

2021 మార్చిలో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగానికి (యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపించేది) వచ్చిన ఒక అప్‌డేట్ వల్ల ఎన్నో యాప్‌లు తెరవగానే మూతపడ్డాయి. కాని అటువంటి దోషమైతే ఒకే యాప్‌తో ఆగదు. మీకు మిగిలినవన్నీ పనిచేస్తున్నాయంటే కారణాన్ని ఆ యాప్‌లోనో, అది చదివే ఫైళ్లలోనో వెతకాలి.

జవాబు: రవితేజస్వి

ఇంత ఆలోచన ఎందుకండి, యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేసుకోండి. అప్పటికీ కాకపోతే సేఫ్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి. నూటికి తొంభై సార్లు ఇంతటితో సరిపోతుంది.

జవాబు: భాస్కర శాస్త్రి

గానవాహిని గారూ, దయచేసి ఇప్పుడే అన్‌ఇన్‌స్టాల్ చేయవద్దు. రవితేజస్వి గారు సహాయం చేయాలనే చెప్పారు గాని, మీరు పోకూడదని కోరుకుంటున్నది సరిగ్గా ఆ పని వల్లే పోతుంది. సేఫ్ మోడ్ వల్ల కూడా ఇక్కడ ప్రయోజనం లేదు. ఆ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లన్నీ నిలిచిపోతాయి, మీ పాటల యాప్ కూడా వాటిలో ఒకటే. వేరొక యాప్ వల్ల ఫోను మొత్తం ఇబ్బంది పడుతున్నప్పుడు మాత్రమే అది పనికివస్తుంది.

మీ విషయంలో పాటలు వేరు, ప్లేలిస్టులు వేరు. పాటల ఫైళ్లు కార్డులోని మామూలు ఫోల్డర్లలో ఉన్నంతవరకు యాప్‌ను తీసేసినా అవి అక్కడే ఉంటాయి. ప్లేలిస్టులు మాత్రం సాధారణంగా యాప్ తన సొంత స్థలంలో ఉంచుకునే చిన్న డేటాబేసులో ఉంటాయి. సెట్టింగులలో యాప్ పేరు మీద నొక్కి స్టోరేజ్ తెరిస్తే రెండు బటన్లు పక్కపక్కనే కనిపిస్తాయి. క్లియర్ క్యాషే అన్నది తాత్కాలికమైన ఫైళ్లను మాత్రమే తీసేస్తుంది కాబట్టి నిర్భయంగా నొక్కవచ్చు. క్లియర్ స్టోరేజ్ అన్నది (కొన్ని ఫోన్లలో క్లియర్ డేటా అని ఉంటుంది) ఆ డేటాబేసును కూడా తుడిచేస్తుంది. తొందరలో వేలు పక్క బటన్ మీద పడకుండా చూసుకోండి. ఆండ్రాయిడ్ 6 నుంచి యాప్‌ల డేటాను, ఒక్కో యాప్‌కు 25 ఎంబీ వరకు, గూగుల్ ఖాతాలో బ్యాకప్ చేసే ఏర్పాటు ఉన్న మాట నిజమే. అయితే యాప్ తయారుచేసినవారు దాన్ని వద్దనుకుని ఉండవచ్చు. ఆ భరోసాతో డేటా తుడిచేయడం సాహసమే అవుతుంది.

ఫోర్స్ స్టాప్ (యాప్‌ను బలవంతంగా ఆపడం), క్లియర్ క్యాషే చేసినా యాప్ తెరుచుకోకపోతే, సెట్టింగులలో యాప్ పేరు మీద నొక్కితే వచ్చే పేజీలో అనుమతుల్లోకి వెళ్లి సంగీతం, ఆడియో అనుమతిని తాత్కాలికంగా తీసేయండి. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫొటోలకు, వీడియోలకు, ఆడియోకు అనుమతులు విడివిడిగా ఉన్నాయి, అంతకు ముందు వెర్షన్లలో ఫైళ్లన్నిటికీ ఒకే అనుమతి కనిపిస్తుంది. దాన్ని తీసేసినంత మాత్రాన ఏదీ చెరగదు. అనుమతి లేనప్పుడు యాప్ తెరుచుకుని, పాటలు చదవడానికి అనుమతి ఇవ్వమని అడిగితే యాప్ ఆరోగ్యంగానే ఉందని, ఏదో ఫైలును చదివే చోట పడిపోతోందని అర్థం. ఆ స్థితిలోనే యాప్ సెట్టింగులలోకి వెళ్లగలిగితే ముందు ప్లేలిస్టులను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, అంటే యాప్ బయట ఒక ఫైలుగా దాచుకోండి. తక్కిన మరమ్మతులన్నీ ఆ తరువాతే.

గానవాహిని

శాస్త్రి గారూ, చాలా కృతజ్ఞతలు. క్యాషే తీసేసినా మార్పు రాలేదు గాని, అనుమతి తీసేయగానే యాప్ తెరుచుకుంది! పాటల జాబితా ఖాళీగా ఉన్నా, ప్లేలిస్టుల పేర్లు మోహన, కల్యాణి, మిశ్రచాపు అంటూ అన్నీ వరుసగా కనిపించాయి. వెంటనే బ్యాకప్ ఫైలు తీసి నాకే ఈమెయిల్ చేసుకున్నాను. అనుమతి తిరిగి ఇస్తే మాత్రం మళ్లీ మూసుకుపోతోంది. అప్‌డేట్‌కు ముందు ఇవే ఫైళ్లతో బాగా పనిచేసిన యాప్ ఇప్పుడు ఎందుకు పడిపోతోంది?

భాస్కర శాస్త్రి

చాలా సంతోషం. ఇక మీరు ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు.

ఫోనులోని పాటలు, ఫొటోలు, వీడియోల వివరాలను ఆండ్రాయిడ్ ఒక జాబితాలో రాసిపెట్టుకుంటుంది. యాప్‌లు చాలావరకు ఆ జాబితాను, తాము ఇంతకు ముందు చదివి దాచుకున్న వివరాలను చూసి పని జరుపుకుంటాయి గాని, తెరిచిన ప్రతిసారీ ప్రతి ఫైలునూ మొదటి నుంచి చదవవు. పెద్ద అప్‌డేట్ తరువాత ఆ జాబితాను కొత్తగా తయారుచేయవలసి వస్తే, యాప్ కూడా ఫైళ్లన్నిటినీ తిరిగి పరిశీలిస్తుంది. ఎప్పటినుంచో పాడైపోయి, ఎవరూ తాకకుండా ఒక మూల పడి ఉన్న ఫైలు అప్పుడు ఎదురవుతుంది. దాన్ని వదిలేసి ముందుకు వెళ్లేలా యాప్‌ను రాయకపోతే అక్కడే కూలిపోతుంది. మీ యాప్‌కు జరిగింది ఇదేనని నా అంచనా.

దీన్ని తేల్చుకోవడానికి సెట్టింగులలో స్టోరేజ్‌లోకి వెళ్లి, కార్డును ఎజెక్ట్ చేసి బయటికి తీసి, అనుమతి ఇచ్చి, యాప్ తెరవండి. అయితే కార్డును పోర్టబుల్ స్టోరేజ్‌గా వాడుతున్నట్టు ముందు నిర్ధారించుకోండి. ఫోను అంతర్గత స్థలంలో భాగంగా ఫార్మాట్ చేసిన కార్డునైతే ఇలా తీయకూడదు, యాప్‌లు కూడా దాని మీదే ఉండవచ్చు.

కార్డు లేనప్పుడు యాప్ తెరుచుకుంటే ఆ కార్డులోనివన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. తరువాత కార్డులో సగం ఫైళ్లు మాత్రమే ఉంచి చూడండి. యాప్ పడిపోతే దోషం ఆ సగంలో ఉంది, లేకపోతే రెండో సగంలో ఉంది. దోషమున్న సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే, పాడైన ఫైలు ఒక్కటే అయిన పక్షంలో, ఐదువందల ఫైళ్లున్నా తొమ్మిది విడతల్లో దొరికిపోతుంది.

ప్రశ్న: లలిత ప్రియ

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాది ఐఫోన్, నెలనెలా చందా కట్టి వినే యాప్. అప్‌డేట్ తరువాత అదీ తెరుచుకోవడం లేదు. నేనూ ఇదే పద్ధతి పాటించాలా?

శ్రీకర్

లలిత ప్రియ గారూ, మీకు ఇంత జాగ్రత్త అవసరం లేదు. చందా యాప్‌లలో ప్లేలిస్టులు సాధారణంగా మీ ఖాతాలో, అంటే కంపెనీవారి సర్వర్లలో ఉంటాయి. యాప్ తీసేస్తే డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు పోయినా మళ్లీ లాగిన్ అయి దించుకోవచ్చు. ఖాతా ఏ ఫోన్ నంబరుతో లేదా ఏ ఈమెయిల్‌తో తెరిచారో ముందుగా గుర్తుచేసుకోండి, పాత నంబరుతో తెరిచి దాన్ని వదిలేసినవారే ఇక్కడ ఇబ్బంది పడతారు. ఐఫోన్‌లో సెట్టింగులు, జనరల్, ఐఫోన్ స్టోరేజ్ వరుసలో వెళ్లి యాప్ పేరు నొక్కితే ఆఫ్‌లోడ్ యాప్ అని ఉంటుంది. అది యాప్‌ను తీసేసి దాని డేటాను అలాగే ఉంచుతుంది. ముందు అది చేసి తిరిగి ఇన్‌స్టాల్ చేయండి, కాకపోతేనే డిలీట్ వరకు వెళ్లండి.

గానవాహిని

శాస్త్రి గారి అంచనా నిజమైంది. కార్డు తీయగానే యాప్ తెరుచుకుంది. సగం సగం చేస్తూ పోగా చివరికి ఒక ఎం4ఏ ఫైలు దగ్గర ఆగాను. గురువుగారు పాఠం చెబుతుండగా చార్జింగ్ అయిపోయి ఫోను ఆగిపోయినప్పటి రికార్డింగు అది. అది కార్డులో లేనప్పుడు మిగిలినవన్నీ వస్తున్నాయి, ప్లేలిస్టులు కూడా చెక్కుచెదరలేదు. ఫైలు పరిమాణం చూస్తే లోపల పాట ఉన్నట్టే అనిపిస్తోంది గాని, కంప్యూటర్‌లో కూడా తెరుచుకోవడం లేదు. దీన్ని బాగుచేసే వీలుందా?

భాస్కర శాస్త్రి

ఆ ఫైలును చెరిపేయకండి. ఎం4ఏ ఫైలులో ఏ శబ్దం ఎక్కడ ఉందో తెలిపే సూచిక ఒకటి ఉంటుంది. చాలా రికార్డర్లు దాన్ని రికార్డింగు ఆపిన తరువాత, అన్నిటికంటే చివరగా రాస్తాయి. ఫోను మధ్యలో ఆగిపోవడంతో శబ్దం ఫైలులోకి చేరింది గాని సూచిక చేరలేదు. అన్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు అటువంటి ఫైళ్లకు సూచికను తిరిగి కట్టగలుగుతుంది. దానికి నమూనాగా అదే ఫోనులో, అదే రికార్డరుతో, అవే సెట్టింగులతో చేసిన మంచి రికార్డింగు ఒకటి ఇవ్వాలి. గురువుగారి పాఠాలు మరికొన్ని మీ దగ్గర ఉన్నాయి కాబట్టి నమూనాకు కొరత లేదు. అసలు ఫైలు మీద కాకుండా దాని కాపీ మీద ప్రయత్నించండి.

గానవాహిని

ఫైలు బాగుపడిందండి. పల్లవి, అనుపల్లవి పూర్తిగా వచ్చాయి. చరణం రెండో ఆవృత్తంలో రికార్డింగు ఆగిపోయింది. గురువుగారు ఆ అనుపల్లవిలో చెప్పిన సంగతులు నా దగ్గర మరెక్కడా లేవు, అందుకే మీకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. బాగైన ఫైలును కార్డులో పెట్టినా యాప్ చక్కగా తెరుచుకుంటోంది. పాడైన అసలు ఫైలును, ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ వివరాలతో కలిపి యాప్ తయారుచేసినవారికి పంపాను.