రిలాక్సర్ మానాలా, వద్దా? మా ఇంట్లో తేలని పంచాయితీ

శ్రీను_అట్లాంటా:

అందరికీ నమస్కారం. ఇక్కడ గ్రీన్‌కార్డులు, ఇంటి లోన్లు తప్ప వేరే సంగతులు పెద్దగా రావు కాబట్టి కాస్త మొహమాటంగానే అడుగుతున్నాను. మా ఆవిడ నల్లజాతి అమెరికన్. పుట్టిల్లు అలబామాలో బర్మింగ్‌హామ్. చిన్నప్పటి నుంచీ జుట్టుకి రిలాక్సర్ పెడుతోంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అది బిగుతైన రింగుల జుట్టుని సాఫీగా చేసే మందు. ఒకసారి సాఫీ అయిన జుట్టు మళ్లీ మెలి తిరగదు గానీ కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చేదంతా మళ్లీ రింగులే. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి టచప్ తప్పదు.

పెట్టేటప్పుడు పక్కనే ఉండి చూశాను. మందు చర్మానికి తగలకుండా నుదుటి అంచున, చెవుల మీద, మెడ వెనక ముందుగా వ్యాజిలీన్ దట్టంగా రాస్తారు. ముందు రోజు మాడు గోక్కోకూడదు, గోక్కుంటే ఆ గీతలోకి మందు దిగి మంటతో ప్రాణం పోయినంత పనవుతుంది. తర్వాత కడిగే షాంపూ నురగ మొదట గులాబీ రంగులో వస్తుంది. అది తెల్లబడేదాకా కడుగుతూనే ఉండాలి, అప్పుడే మందు పోయినట్టు.

గొడవేంటంటే, మా మరదలు ఎప్పుడో ఇదంతా మానేసి, ఉన్న జుట్టు పొట్టిగా కత్తిరించేసి సహజంగా పెంచుకుంది. రిలాక్సర్‌కీ గర్భాశయ క్యాన్సర్‌కీ సంబంధం ఉండొచ్చన్న వార్తలు వచ్చిన దగ్గర్నుంచి అక్కని కూడా మానెయ్యమని వెంటపడుతోంది. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. మా ఆవిడ లాయరు. "కోర్టులో నువ్వు నోరు విప్పేలోపే నీ నెత్తి చూసి ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు" అని అత్తగారి వాదన. ఎనిమిదేళ్లు వైట్‌హౌస్‌లో ఉన్న మిషెల్ ఒబామా కూడా జుట్టు సాఫీగానే ఉంచుకుందిగా అంటారు. నేను నోరు తెరిస్తే ముగ్గురూ ఒకటై "నీకేం తెలుసు" అంటారు. మీరేమంటారు?

ఫార్మా_పద్మజ:

శ్రీనుగారూ, నేను ఫార్మసిస్టుని. నా ఓటు మీ మరదలికే. ఆత్మగౌరవం లాంటి పెద్ద మాటల జోలికి పోను, నా బాధ ఆ మందుతోనే.

వెంట్రుకలో ప్రోటీన్ పోగుల్ని పట్టి ఉంచేవి గంధకపు బంధాలు. రిలాక్సర్ వాటిని తెంచేస్తుంది. పాత రకంలో ఉండేది సోడియం హైడ్రాక్సైడ్, అంటే డ్రైనేజీ పైపులు పూడుకుపోతే పోసే కాస్టిక్ సోడా. డబ్బా మీద "నో లై" (లై అంటే ఆ కాస్టిక్ సోడానే, అది లేదని) రాసి ఇంట్లో పెట్టుకోవడానికి అమ్మే రకంలో కాల్షియం హైడ్రాక్సైడ్‌ని గ్వానిడిన్ కార్బొనేట్‌తో కలుపుతారు. కాల్షియం హైడ్రాక్సైడ్ అంటే మన కిళ్లీలో వేసే సున్నమే. సున్నం ఒక వేలెడు ఎక్కువైతే నోరేమవుతుందో తెలుసుగా! ఈ రకానికి మంట కొంచెం తక్కువ గానీ కాల్షియం పేరుకుని జుట్టు ఇంకా పొడిబారుతుంది.

ఇక అసలు సంగతి. 2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వాళ్ల "సిస్టర్ స్టడీ" ఫలితాలు వచ్చాయి. 33,497 మంది ఆడవాళ్లని దాదాపు 11 ఏళ్లు గమనించారు. 378 మందికి గర్భాశయ క్యాన్సర్ వచ్చింది. స్ట్రెయిటనింగ్ మందులు ముట్టనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి ఆ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం. ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్లలో 4.05 శాతం. ఎనిమిది వారాలకోసారి అంటే ఏడాదికి ఆరుసార్లు. మీ ఆవిడ ఏ లెక్కలోకి వస్తుందో చూసుకోండి.

గోదారిగట్టు:

నాలుగు శాతం అంటే 96 మందికి రాదనేగా మేడమ్. ఇంత భయపెట్టాలా? హైదరాబాద్‌లో పెళ్లికి ముందు కెరటిన్, స్మూతనింగ్ చేయించుకోని అమ్మాయి ఉందా? మా మేనకోడలిది ఉంగరాల జుట్టు, నెలకోసారి సెలూన్‌లో కూర్చుంటుంది. అక్కడ జాతి, చరిత్ర అని ఎవరూ చర్చ పెట్టలేదు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే. ఎవరిష్టం వాళ్లది, దీనికి పంచాయితీ ఎందుకు?

ఫార్మా_పద్మజ:

మీ మేనకోడలిది వేరే మందు, వేరే సమస్య. కొన్ని కెరటిన్ మందుల్లో ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన విషవాయువు గానీ, వేడి తగిలితే దాన్ని వదిలే రసాయనాలు గానీ ఉంటాయి. ఐరన్ పెట్టగానే ఆ ఆవిరి కళ్లలోకి, ముక్కులోకి వెళ్తుంది. చేయించుకునే అమ్మాయి కంటే రోజంతా చేసే సెలూన్ పిల్ల ఎక్కువ పీలుస్తుంది. జుట్టు మందుల్లో ఫార్మాల్డిహైడ్‌ని నిషేధిస్తామని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో చెప్పి, ఆ తర్వాత వాయిదాల మీద వాయిదాలు వేసింది. ఆ నిషేధం వచ్చినా కాస్టిక్ సోడా రిలాక్సర్ మాత్రం అరల్లో అలాగే ఉంటుంది, ఈ రెంటినీ కలిపేయకండి.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ అధ్యయనంలో ఏ బ్రాండు, అందులో ఏమేం ఉన్నాయి అని అడగలేదు. ఏ పదార్థం వల్ల అనేది దాన్నిబట్టి తేలదు. కానీ తేలేదాకా నా కూతురి నెత్తిన మాత్రం పెట్టను.

బెజవాడ_లూసియానా:

నాన్నది విజయవాడ, అమ్మ లూసియానా నల్లజాతి ఆవిడ. తెలుగు మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

గోదారిగట్టుగారూ, మీ మేనకోడలు ఉంగరాల జుట్టుతోనే ఇంటర్వ్యూకి వెళ్తే ఆ జుట్టు వల్ల ఉద్యోగం పోతుందా? మా వాళ్లకి పోయింది. శ్రీనుగారి అత్తగారిది చాదస్తం అనుకునేముందు ఆవిడ రాష్ట్రంలోనే ఏం జరిగిందో చూడండి. 2010లో అలబామాలోని మొబైల్ అనే ఊళ్లో ఒకామెకి కాల్ సెంటర్ ఉద్యోగం ఇచ్చినట్టే ఇచ్చి, లాక్స్ జడలు (జుట్టు ముద్దకట్టి తాళ్లలా వేలాడేవి) తీసేయనంటే వెనక్కి తీసుకున్నారు. 2016లో అప్పీలు కోర్టు కూడా కంపెనీ వైపే తీర్పిచ్చింది. జాతి మార్చుకోలేరు గానీ జడ మార్చుకోవచ్చుగా అని వాళ్ల తర్కం. అంతకుముందు 1981లో ఒక విమాన సంస్థ ఉద్యోగిని మాడుకి అంటుకునేలా వరసలుగా అల్లే కార్న్‌రోస్ జడలు వేసుకుంటానని న్యూయార్క్ కోర్టుకెళ్లి ఓడిపోయింది. డ్యూటీలో జడల్ని ముడి చుట్టి పైన సవరం లాంటిది కప్పుకోమన్నారట. అది పెట్టుకుంటే తలనొప్పి వస్తోందని ఆవిడ మొత్తుకున్నా లాభం లేకపోయింది. ఇంకా వెనక్కెళ్తే, 1786లో లూసియానాని ఏలుతున్న స్పెయిన్ గవర్నర్ మీరో, బానిసలు కాని నల్లజాతి ఆడవాళ్లు కూడా తలకి గుడ్డ చుట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు, మరీ సింగారించుకుంటున్నారని. వాళ్లు ఆ గుడ్డనే రంగురంగులుగా, ఇంకా సింగారంగా చుట్టి చూపించారు.

ఇంత చెప్పి ఇప్పుడు అసలు విషయం. నేను రిలాక్సర్ వాడతాను, మానను. నా జుట్టు మా అమ్మ వైపుది, బాగా బిగుతైన రకం. తలంటు అంటే ఆదివారం మొత్తం గోవిందా. పాయలు పాయలుగా విడదీసి, కండిషనర్ పట్టించి, చివర్ల నుంచి చిక్కు తీసి, మళ్లీ మెలికలు చుట్టి ఆరబెట్టాలి. భుజాలు లాగేస్తాయి. నాకు ఇద్దరు పిల్లలు, రెండు షిఫ్టులు. ఇంకో సంగతి, "నీ జుట్టుని ప్రేమించు" అని వీడియోలు పెట్టే అమ్మాయిల్లో ఎక్కువమందికి వదులుగా జారే రింగులుంటాయి. టీవీ షోల ఓప్రా విన్‌ఫ్రీకి జుట్టు చేసిన ఆండ్రే వాకర్, సాఫీ జుట్టుకి ఒకటి, బాగా బిగుతైన రింగులకి నాలుగు, ఇలా జుట్టుకి నంబర్లిచ్చాడు. ఇప్పుడా నంబర్లతోనే కొత్త కులాలు పుట్టాయి. నాలుగో నంబరు వాళ్లని సహజం బ్యాచ్ కూడా వెనక బెంచీలోనే కూర్చోబెడుతుంది.

రిలాక్సర్ వాడితే తెల్లవాళ్లలా కావాలనుకుంటున్నాం అనేవాళ్లకి ఒక ముక్క. వందేళ్ల కిందట జుట్టు సాఫీ చేసే క్రీము అమ్మి డబ్బు చేసుకున్న గారెట్ మోర్గన్ నల్లజాతివాడే. 1923లో ట్రాఫిక్ సిగ్నల్‌కి పేటెంట్ తీసుకుంది కూడా ఆయనే.

మైలవరం_మాస్టారు:

అమ్మాయ్, నీ తెలుగు బాగుంది. కానీ నల్లజాతి హక్కుల నాయకుడు మాల్కమ్ ఎక్స్ సంగతి వదిలేశావు. కుర్రతనంలో బోస్టన్‌లో బంగాళదుంపలు, గుడ్లు, కాస్టిక్ సోడా కలిపి నెత్తికి పట్టించుకుని జుట్టు సాఫీ చేసుకున్నాడు. తర్వాత దాన్నే తనని తాను దిగజార్చుకోవడంలో మొదటి పెద్ద అడుగు అన్నాడు. ఆ మాటకేమంటావు?

బెజవాడ_లూసియానా:

ఆయనకి ఆదివారం తలంటి మధ్యాహ్నం షిఫ్టుకి పరిగెత్తే పని లేదు మాస్టారూ. కత్తిరించేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. మగవాళ్లకి ఆ సుఖం ఉంది.

ఫార్మా_పద్మజ:

తీరిక లేదన్నది ఒప్పుకుంటాను తల్లీ. కానీ నీ సమయం మిగిల్చేది నీ ఒంటిమీద ఖర్చు రాయకూడదు కదా.

బెజవాడ_లూసియానా:

టచప్‌లు ఏడాదికి మూడుకి తగ్గించాను ఆంటీ. నాలుగు దాటలేదు.

ఫార్మా_పద్మజ:

ఆ నాలుగు లక్ష్మణరేఖ కాదమ్మా. వాళ్లు లెక్క కోసం పెట్టుకున్న గుంపు అది. తక్కువ వాడినవాళ్లలో తేడా గట్టిగా రుజువు కాలేదు, అంతే. రుజువు కాకపోవడం వేరు, క్షేమం అని తేలడం వేరు.

రవి_లా:

అత్తగారి భయానికి ఇప్పుడు చట్టం కొంత విరుగుడు. 2019 జులైలో కాలిఫోర్నియా క్రౌన్ యాక్ట్ తెచ్చింది. జడలు, లాక్స్, ఆఫ్రో (తల చుట్టూ గుండ్రంగా పొంగిన రింగుల జుట్టు) ఉన్నాయని ఉద్యోగంలోనో బడిలోనో వేరుగా చూస్తే అది జాతి వివక్షే అని దాని సారాంశం. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు తెచ్చుకున్నాయి. దేశం మొత్తానికి బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది.

కానీ చట్టం ఉంటే సరిపోదు. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. అదే సమయంలో హ్యూస్టన్ దగ్గర ఒక హైస్కూలు కుర్రాణ్ణి లాక్స్ పొడుగెక్కువని క్లాసు నుంచి బయటపెట్టారు. 2024 ఫిబ్రవరిలో జడ్జి, చట్టం జుట్టు తీరు గురించే గానీ పొడుగు గురించి కాదు అన్నాడు. ఇక లాయరు విషయంలో, ఉద్యోగం పీకేస్తేనే కదా కేసు. క్లయింటు ఇంకో లాయర్ని చూసుకుంటే ఏ చట్టం ఆపుతుంది?

తిరుపతి_వాసు:

ఇంత టెన్షన్ ఎందుకండీ, విగ్గో సవరమో పెట్టుకుంటే పోలా? మా కల్యాణకట్టలో భక్తులిచ్చిన తలనీలాలు పొడవును బట్టి రకాలుగా విడదీసి టీటీడీ వేలం వేస్తుంది. అందులో మంచి రకం విదేశాలకే పోతుంది.

బెజవాడ_లూసియానా:

తెలుసు వాసుగారూ. మా నాయనమ్మ మొక్కు తీర్చుకున్న జుట్టు మా అమ్మ చుట్టాల్లో ఎవరి నెత్తి మీదుందో అని ఇంట్లో జోకు కూడా. కానీ ఇక్కడ అలా కొన్న జుట్టుని తగిలించుకునే వీవ్ అంటే ఊరికే క్లిప్పు పెట్టుకోవడం కాదు. కింద సొంత జుట్టుని మాడుకి అంటుకునేలా జడలల్లి, వాటికి సూదీ దారంతో కుడతారు. బిగుతైతే నుదుటి అంచుల్లో జుట్టు ఊడిపోతుంది, ఏళ్ల తరబడి సాగితే తిరిగి రాదు. మందు మానేస్తే అన్నీ క్షేమం అనుకోకండి.

శ్రీను_అట్లాంటా:

మా ఆవిడకి మొత్తం చదివి ఇంగ్లీషులో చెప్పాను. ముందు పగలబడి నవ్వింది, "మీ గుంటూరు నుంచి ఎన్ని ఓట్లొచ్చాయి" అని. మైలవరం మాస్టారికి ఇచ్చిన జవాబు మాత్రం ఇంకోసారి చెప్పించుకుంది.

అత్తగారు మిషెల్ ఒబామా పేరెత్తినప్పుడల్లా మా ఆవిడ చెప్పేది ఇది: మిషెలే 2022లో బయటపెట్టింది, జడలు వేసుకుందామనుకున్నా జనం ఇంకా సిద్ధంగా లేరనిపించి ఆగానని. అంటే ఆ సాఫీ జుట్టు ఆవిడ ఇష్టమని ఎలా చెప్పగలం అంటుంది.

నిన్న రాత్రి ఇంకో మాట అంది. బడికెళ్లే వయసు నుంచీ మందు పెడుతూనే ఉన్నారు కాబట్టి అసలు తన జుట్టు ఎలా ఉంటుందో తనకే తెలియదట. నచ్చకపోతే అప్పుడు మళ్లీ పెట్టుకుంటాను, చూడకుండా ఎలా తేల్చను అంది. మా మరదలిలా ఒకేసారి కత్తిరించడం ఇష్టం లేదు. ఈసారి టచప్ మానేసింది. అత్తగారికి ఇంకా చెప్పలేదు. ఇప్పుడొచ్చిన చిక్కు ఏంటంటే, కొత్తగా వచ్చే రింగుల జుట్టు, పాత సాఫీ జుట్టు కలిసేచోట తుంపులు తుంపులుగా తెగుతోంది. జడలు వేయించుకుంటే ఆగుతుందా? మా అమ్మ కొబ్బరి నూనె పార్శిల్ పంపుతానంటోంది, పనికొస్తుందా?

గోదారిగట్టు:

చూశారా, చివరికి ఆవిడ ఇష్టమే అయింది. నేను మొదట్లో అన్నది అదేగా.

బెజవాడ_లూసియానా:

మీరన్నది "పంచాయితీ ఎందుకు" అని, ఆవిడ అన్నది "చూసి తేలుస్తాను" అని. రెండూ ఒకటి కావు సార్.

శ్రీనుగారూ, ఆ కలిసేచోటే అన్నిటికంటే బలహీనం. పొడి జుట్టు మీద దువ్వెన పెట్టొద్దని చెప్పండి. తడిపి, కండిషనర్ బాగా పట్టించి, ముందు వేళ్లతో, తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్ల నుంచి పైకి రావాలి. పాత సాఫీ జుట్టుని కొన్నాళ్లకోసారి కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోవచ్చు, ఎవరూ గమనించరు. కొబ్బరి నూనె పంపమనండి, కానీ నూనె ఒక్కటే రాస్తే లాభం లేదు. ముందు జుట్టుకి తడి పట్టాలి, ఆ తడి ఆరిపోకుండా పైన నూనె.

జడలు మంచివే, నెలన్నర రెండు నెలలు దాటి ఉంచకపోతే. సన్నవి వద్దు, వాటి బరువు కూడా ఆ బలహీనమైన చోటే లాగుతుంది. నుదుటి దగ్గర వదులుగా వేయమని ముందే చెప్పాలి, సిగ్గుపడి ఊరుకోవద్దు. ఆ రాత్రి తలనొప్పికి మాత్ర వేసుకోవాల్సి వస్తే బిగుతుగా వేసినట్టే. డబ్బులు పోతే పోయాయి, మర్నాడు వెళ్లి విప్పించెయ్యండి.