వేట నిషేధంలో పెద్ద వల లాగడం తప్పా?

ఉప్పుటేరు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకు వేట లేదు. ఇంజన్ లేని పడవలకు అడ్డు లేదు. మొన్న భీమిలి వైపు ఒడ్డున పెద్ద వల లాగుతుంటే నిలబడి చూశాను. వల చివరి సంచిలో నెత్తళ్లు, కవ్వళ్లు (సార్డిన్ చేపలు). కవ్వళ్లలో సగం పిల్లలే. నిషేధం పెట్టిందే గుడ్లు పెట్టే కాలమని కదా? మరి ఇదేమిటి?

తెప్పలోడు: చూసి వెళ్లిపోయేవాళ్లకు సంచి ఒక్కటే కనిపిస్తుంది. తెల్లారకముందే గట్టెక్కి నీళ్లకేసి చూస్తాం. ఆకాశంలో మబ్బు లేకుండా నీటి మీద నల్లటి నీడ కదిలిందంటే అది గుంపు. పిట్టలు ఒకే చోట పడి లేస్తుంటే కింద చిన్న చేప ఉన్నట్టు. అమావాస్య రోజుల్లో గుంపు కదిలిన చోట నీళ్లు మెరుస్తాయి. నైరుతి గాలి పట్టిందంటే అడుగున ఉన్న చల్లనీళ్లు పైకొస్తాయి, వాటితో మేత, మేత వెనకే కవ్వ. తెప్ప మీద వల తీసుకెళ్లి చుట్టూ దింపి, రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని లాగుతాం. ముప్పై మంది గంటలకొద్దీ లాగినా కూరకు సరిపడా రాని రోజులున్నాయి.

కాకినాడ కుర్రాడు: మా వైపు దీన్ని అలివి అంటాం.

మరబోటు: గుంపు ఎలా కనిపెడతారని ఎవరడిగారు తమ్ముడూ? సంచి దగ్గర వల కన్ను, అంటే అల్లికలో సందు, ఎంతో చెప్పు. దోమతెరలా ఉంటుంది.

తెప్పలోడు: నెత్తళ్లు ముసలివైనా వేలెడే ఉంటాయి అన్నా. పెద్ద కన్ను పెడితే అన్నీ జారిపోతాయి.

మరబోటు: మరి కవ్వపిల్లలు? అవీ వేలెడే పెరుగుతాయా?

చింతపండు పులుసు: నెత్తళ్లు మామిడికాయతో వండితే ఈ గొడవలు గుర్తుండవు.

టెక్ శీను: హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపలు ఎక్కడుంటాయో చెబుతారుగా, ఈ నీడలూ పిట్టలూ ఎందుకు?

తెప్పలోడు: నిషేధం రోజుల్లో ఆ సమాచారం ఇవ్వరు. ఇచ్చినా అది ఉపగ్రహం నుంచి నీటి వేడి, పచ్చదనం చూసి చెప్పేది. గట్టు పక్క నాలుగు బారల లోతులో ఏముందో దానికేం తెలుస్తుంది?

మరబోటు: కన్ను గురించి ఇంకా జవాబు రాలేదు. నా బోటు ఒడ్డున కట్టేసి ఉంది, వడ్డీకి మాత్రం విరామం లేదు. 2025లో ప్రభుత్వం నిషేధ కాలానికిచ్చే భృతి పది వేల నుంచి ఇరవై వేలు చేశారు, నా దాకా వచ్చింది వచ్చినట్టే అప్పులోకి పోయింది. మీరేమో నా కళ్లెదుటే లాగుతున్నారు.

తెప్పలోడు: అదీ సంగతి! కవ్వపిల్లల మీద ప్రేమ కాదన్నమాట. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు మాది. అందులోకి రింగు వలలొచ్చి గుంపుని చుట్టేస్తే గట్టుకు మిగిలేదేమిటి? 2022 జనవరిలో విశాఖలో పెద జాలారిపేట, వాసవానిపాలెం మధ్య రింగు వలల గొడవలో పడవలు ఎందుకు కాలాయి? మా నాన్న వల మీదుగా ఒక మర బోటు పోయింది. తాడు తెగిపోయింది. బోటు ఎవరిదో తెలిసినా ఊళ్లో ఒక్కడూ నోరు విప్పలేదు.

మరబోటు: నాది రింగు వల కాదు. అందర్నీ ఒకే గాటన కట్టకు. నేనూ ఒకటి అడుగుతాను, నీ తాడు లాగే ముప్పై మందిలో నా కలాసీలు, నా బోటు మీద పనిచేసేవాళ్లు, ఎంతమంది?

తెప్పలోడు: నిషేధంలో నువ్వు కూలి ఇస్తావా? ఇవ్వవు. వస్తారు మరి. తినాలి కదా. వాళ్లొచ్చాక మా వాటా కూడా తగ్గింది.

మరబోటు: నా దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లే వాళ్లు. పోయిన జూన్ 15న బోటెక్కమంటే ఇద్దరు రాలేదు, పెద్ద వలకే ఉంటామన్నారు. బోటు వారం ఆలస్యంగా కదిలింది. దాని గురించి మాట్లాడు.

తెప్పలోడు: వాళ్లను నేను పిలవలేదు.

మరబోటు: పొమ్మనీ అనలేదు.

ఉప్పుటేరు: అయ్యా, నేనడిగింది కవ్వపిల్లల గురించి.

తెప్పలోడు: రేపు అయిదింటికి గట్టుకు రండి. సంచి విప్పేటప్పుడు పక్కనే నిలబడి చూద్దురుగాని.

మరబోటు: స్కేలు పట్టుకెళ్లండి.