స్టూడియో వదిలి సొంతంగా ఫొటోలు తీస్తున్నాను, విశాఖలో ఎవరి గుమ్మం ఎక్కాలి?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. ఏడేళ్లు ఒక స్టూడియోలో అసిస్టెంట్‌గా చేశాను. లైట్ స్టాండ్లు మోయడంతో మొదలుపెట్టాను, చివరి రెండేళ్లూ కేండిడ్ నేనే తీసేవాణ్ణి. పోయిన దసరాకి బయటికొచ్చాను. పెళ్లిళ్లు తెలిసినవాళ్ల ద్వారా వస్తున్నాయి, మూఢం వస్తే మాత్రం చేతిలో ఒక్కటీ ఉండదు. ఆ రోజులు గడుస్తాయని హోటళ్లు, రిసార్టుల పనులు పట్టుకున్నాను.

అక్కడే దెబ్బ తగిలింది. భీమిలి వైపు ఒక రిసార్టుకి రెండు రోజులు తీశాను. గదులు, వంటకాలు, తెల్లవారుజామున సముద్రం. 57 వేలకి మాట్లాడుకున్నాం, 15 వేలు అడ్వాన్స్ ఇచ్చారు. ఫొటోలు అందుకుని ఐదు నెలలైంది. మిగతా 42 వేలకి ఫోన్ చేస్తే మేనేజర్ మారిపోయాడంటారు. మొన్న మద్దిలపాలెం మీదుగా వెళ్తుంటే నేను తీసిన సూర్యోదయం హోర్డింగ్ మీద కనబడింది. బండి ఆపి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. అమ్మకి ఫోన్ చేద్దామనుకున్నాను, డబ్బులొచ్చాయా అని అడుగుతుందని చెయ్యలేదు.

లైటింగ్ నేర్పే వీడియోలు తెలుగులోనే బోలెడున్నాయి. ఇలాంటప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పినవాళ్లు నాకింకా తగల్లేదు. స్టూడియోలో ఇవన్నీ ఓనరు చూసుకునేవారు. ఆ ఫొటోల మీద హక్కు నాదా, వాళ్లదా? ఫొటోగ్రాఫర్ల సంఘంలో చేరితే ఉపయోగం ఉంటుందా? రెండో కెమెరా బాడీ కొనాలి, లోన్ ఎవరిని అడగాలి? ఇంకోటి, నా 85 ఎంఎం లెన్స్ లోపల సాలెగూడు పోగుల్లా ఏదో కనబడుతోంది.

జవాబు (జగదాంబ జంక్షన్ దగ్గర స్టూడియో, 31 ఏళ్లుగా)

తమ్ముడూ, చేదు మాట ముందే చెప్పేస్తాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు అడిగి డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. పెళ్లి ఫొటోకీ అంతే, రిసార్టు ఫొటోకీ అంతే. నాకిది ఇరవయ్యేళ్లు తెలియలేదు. తీసింది నువ్వేనని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద నీతోనే ఉంటుంది. ఇకనుంచి ఒక్క పేజీ కాగితం రాయించుకో: ఏ ఫొటోలు, ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు, పూర్తి డబ్బు అందేదాకా హక్కు నీదేనని. సంతకం లేకుండా మెమరీ కార్డు బయటికి తియ్యకు.

సంఘంలో తప్పకుండా చేరు. ఆగస్టు 19న, ఫొటో తీసే పద్ధతి కనిపెట్టిన డాగెర్ ఫొటోకి దండేసి ఫొటోలు దిగడమే సంఘం అనుకుంటారు బయటివాళ్లు. 1839లో అదే రోజున ఆయన పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం లోకానికి చెప్పింది, ఆ దండ వెయ్యాల్సిందే. కానీ ఒకసారి ముహూర్తానికి రెండు గంటల ముందు నా కెమెరా షట్టర్ పోతే, సంఘంలో ఒకాయన సింహాచలం నుంచి తన బాడీ తెచ్చి ఇచ్చి వెళ్లాడు. అద్దె కూడా తీసుకోలేదు. ఆ రోజు లేకపోతే నా పేరు పోయేది.

లెన్స్‌లో నువ్వు చూసింది ఫంగస్. మన సముద్రం గాలికి తప్పదు. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి తీసుకెళ్తే గ్లాసు మీద చెమట పడుతుంది, అరగంట బ్యాగు జిప్ తియ్యకుండా ఉంచు. లెన్సులకి తేమ తగలకుండా ఉంచే డ్రై క్యాబినెట్ కొనేదాకా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టుకో. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, చిన్న మీటరు పెట్టి చూసుకో. ఫంగస్ పట్టిన లెన్స్‌ని మిగతావాటి పక్కన ఉంచకు.

జవాబు (ఎంవీపీ కాలనీ నుంచి)

నేను చంటిపిల్లలవి, చీరల షాపులవి తీస్తాను. నువ్వు ముందు చెయ్యాల్సింది ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. రెండు వేలు, మూడు వేలు అడిగే ఏజెంట్లకి ఇవ్వకు. అందులో ఏ రకం వ్యాపారమో చెప్పే ఎన్ఐసీ కోడ్ అడుగుతారు, ఫొటోగ్రఫీ 7420 కింద వస్తుంది.

దాని బలం ఏంటంటే, ఉద్యం ఉన్న చిన్న సంస్థకి డబ్బు 45 రోజుల్లో చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఒక షాపు నాకు నాలుగు నెలలు తిప్పింది. బిల్లు కింద నా ఉద్యం నంబరు, ఈ రూలు రెండు లైన్లలో రాసి మళ్లీ పంపాను, తొమ్మిదో రోజుకి డబ్బు పడింది. నీ పాత పని జరిగినప్పటికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ 42 వేలకి ఈ దారి పట్టుకోకు. రాబోయే పనులకి మాత్రం వెన్నెముక ఇదే.

లోన్‌కి ముద్ర అడుగు, చిన్న వ్యాపారాలకి బ్యాంకుల ద్వారా అప్పిచ్చే ప్రభుత్వ పథకం అది. 50 వేలు దాటి 5 లక్షల దాకా కిశోర్ అంటారు. ఆస్తి తాకట్టు అడగకూడదు. కొటేషన్, ఉద్యం, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని నీ ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లు. పెళ్లి డబ్బులు చేతికి తీసుకోవడం మానెయ్, ఖాతాలో వేయించుకో. స్టేట్‌మెంట్‌లో కనబడని సంపాదన మేనేజర్ లెక్కలో ఉండదు.

జవాబు (జిల్లా కోర్టులో ప్రాక్టీస్, ఆదివారాలు పక్షుల ఫొటోలు)

42 వేలకి: వాట్సాప్ మాటలు, అడ్వాన్స్ పడిన ఎంట్రీ, ఫొటోలు పంపిన లింకు అన్నీ భద్రపరుచుకోండి. హోర్డింగ్‌ని తేదీ కనబడేలా ఫొటో తియ్యండి. ముందు స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ పెట్టి నోటీసు పంపించండి. కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. కేసు వెయ్యకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి రాజీ చేయిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. వివరాలకి 15100కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న అడిగినవారు

అన్నయ్యా, అక్కా, లాయరు గారూ, రాత్రి మీరు రాసినవన్నీ రెండుసార్లు చదివాను. ఉద్యం ఇందాకే పూర్తిచేశాను, నంబరు వచ్చింది. హోర్డింగ్ ఫొటో కూడా తీసేశాను. నోటీసు సోమవారం పోస్టు చేస్తాను.

అన్నయ్యా, ఒప్పందం కాగితం రాత్రికి రాసి తెస్తాను, ఒకసారి చూసి దిద్దిపెట్టండి. ఆదివారం ఉదయం ఐదున్నరకి ఫిషింగ్ హార్బర్ దగ్గరుంటాను, బోట్లు వచ్చే టైమది. 85 లెన్స్ విడిగా కవర్లో చుట్టి తెస్తున్నాను.