స్టాండప్‌లో అందరూ నా మొహమే చూస్తున్నారు. ఎజైల్‌కి మారిన మేనేజర్లు ఏం చేశారు?

కొత్తమేనేజర్:
తొమ్మిది మంది టీమ్. ఆర్నెల్ల కిందటి వరకూ నేనూ వాళ్లతో పాటు కోడ్ రాసినవాణ్నే. మూణ్ణెల్ల నుంచి స్క్రమ్ (ఎజైల్‌లో, అంటే పనిని చిన్న ముక్కలుగా పూర్తిచేసుకుంటూ పోయే తీరులో, ఒక పద్ధతి) అంటున్నాం, రెండు వారాల విడత అంటే స్ప్రింట్, టికెట్లు (ఒక్కో పని చీటీ) కాలమ్‌లలో కదిలే బోర్డు, విడత చివర ఏం బాగుంది ఏం బాలేదు అని మాట్లాడుకునే రెట్రో అన్నీ ఉన్నాయి. కానీ 15 నిమిషాల్లో అయిపోవాల్సిన రోజువారీ స్టాండప్ మీటింగ్ 40 నిమిషాలకు తేలుతోంది. ఒక్కొక్కరూ "నిన్న ఇది చేశాను, ఇవాళ ఇది చేస్తాను, అడ్డంకులేం లేవు" అని నాకు అప్పజెప్పి మ్యూట్‌లోకి వెళ్లిపోతారు. అడ్డంకులు లేవన్నవాడి టికెట్ ఎనిమిది రోజులుగా అదే కాలమ్‌లో ఉంటుంది. ట్రైనింగ్‌లో చెప్పేవి వద్దు, మీరు చేసి చూసినవి చెప్పండి.

గంటస్టాండప్:
40 నిమిషాలేనా? అదృష్టవంతులు 😀

పాతకాపు:
అప్పజెప్పడం అన్నారు చూడండి, సరిగ్గా అదే జబ్బు. నాకూ ఏడాది పట్టింది అర్థం కావడానికి. నిన్న, ఇవాళ, అడ్డంకులు అనే ఆ మూడు ప్రశ్నలు 2020 స్క్రమ్ గైడ్‌లో, అంటే స్క్రమ్ రూల్‌బుక్‌లో, లేవు, తీసేశారు. ఏం చేయాలో తేల్చే ప్రొడక్ట్ ఓనర్, పద్ధతి సరిగ్గా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్, పని చేసే డెవలపర్లు, అంతే, మేనేజర్‌కి అందులో కుర్చీయే లేదు. అయినా మనం వెళ్లి మధ్యలో కూర్చుంటాం.

నేను చేసింది చెప్తాను. మనుషుల వరసలో అడగడం మానేసి బోర్డు కుడి చివర నుంచి, అంటే ఇంకొంచెంలో పూర్తయ్యే టికెట్ నుంచి మొదలెట్టించాను, "దీన్ని ఇవాళ దాటించాలంటే ఏం కావాలి?" అన్నదొక్కటే ప్రశ్న. స్క్రీన్ షేర్ చేసేది నేను కాదు, వారానికొకరు. నేను కెమెరా ఆపేసి వింటాను. మొదటి రోజు నిమిషం పాటు ఎవరూ మాట్లాడలేదు, "సార్, లైన్లో ఉన్నారా?" అని ఒకరు అడిగారు కూడా. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నా. చివరికి ఒకమ్మాయి "ఆ లాగిన్ టికెట్ మూడు రోజులుగా రివ్యూ కోసం ఆగి ఉంది" అంది. రివ్యూ చేయాల్సినతను అదే కాల్‌లో ఉన్నాడు! మూడు రోజులూ ఇద్దరూ నాకు స్టేటస్ చెప్పారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

పాయింట్లబాధితుడు:
స్టాండప్ సంగతి పెద్దలు చెప్పారు కాబట్టి నేను చేసిన వెధవపని చెప్తా, మీరు చేయకండి. వెలాసిటీ గ్రాఫ్‌ని, అంటే స్ప్రింట్‌కి ఎన్ని పాయింట్ల పని (పని ఎంత పెద్దదో మేం వేసుకునే అంచనా అంకె) పూర్తయిందన్న లెక్కని, పైవాళ్ల మీటింగ్‌లో పెట్టాను. "34 వచ్చాయి, ఈసారి 40 చూద్దాం" అన్నారు, నేనూ అదే మాట టీమ్‌తో అన్నాను. 41 వచ్చాయి. తర్వాత 47. సంబరపడ్డాను. రిలీజయిన ఫీచర్లు లెక్కపెడితే అన్నే! బటన్ రంగు మార్చే పని ఒకప్పుడు 1 పాయింట్, ఇప్పుడు 3. వాళ్లు మోసం చేయలేదు, నేను అడిగింది ఇచ్చారు.

పాయింట్లు వేయడం మాత్రం మానలేదు, అంకె కోసం కాదు, గొడవ కోసం. ఒకసారి ఒకే పనికి ఒకరు 2 చూపించారు, ఇంకొకరు 13. ఎందుకని అడిగితే ఆ 13 వేసినతనికి తెలిసిందేంటంటే, మేం మార్చబోయే డేటాబేస్ టేబుల్‌ని రాత్రిపూట నడిచే ఇంకో ప్రోగ్రామ్ కూడా చదువుతుందని. ఆ పది నిమిషాల మాటలు లేకపోతే ఏదో ఒక అర్ధరాత్రి ఫోన్ మోగేది.

టెస్టర్అక్క:
మేనేజర్లందరూ మాట్లాడుతున్నారు, అవతలి గట్టు మీద నుంచి ఒక మాట. మాది ఎప్పుడూ ఒకటే కథ, స్ప్రింట్ ఆఖరి రెండు రోజుల్లో పన్నెండు టికెట్లు నా నెత్తిన పడేవి. మా మేనేజర్ టెస్టింగ్ కాలమ్‌కి మూడే అని హద్దు పెట్టారు. నాలుగోది తోయడానికి వీల్లేదు, కావాలంటే వచ్చి టెస్టింగ్‌లో చెయ్యేయాలి. మొదటి వారం డెవలపర్లు ఇద్దరు ఊరికే కూర్చున్నారు. పాపం ఆయన మొహం చూడాలి, జీతం తీసుకుని ఖాళీగా ఉన్న మనుషుల్ని చూసి తట్టుకోవడం అంత తేలిక కాదు. కానీ కొత్త టికెట్ ఎత్తుకోమని చెప్పలేదు, అక్కడే నిలబడ్డారు. రెండో వారానికి వాళ్లలో ఒకబ్బాయి నా పక్కన చేరి టెస్ట్ కేసులు రాశాడు, అప్పుడు తెలిసింది వాడి ఎర్రర్ మెసేజ్‌లు ఎవరికీ అర్థం కావని.

లెక్క కావాలంటే లిటిల్ సూత్రం ఉంది కదా, చేతిలో ఉన్నవాటిని బయటికి వెళ్లే వేగంతో భాగిస్తే ఒక్కోదానికి పట్టే సమయం, చేతిలో 20 టికెట్లు పెట్టుకుని వారానికి 5 బయటికి పంపితే ఒక్కోదానికి సగటున నాలుగు వారాలు. అదే వేగంతో పదే పట్టుకుంటే రెండు వారాలు. ఎవరూ గబగబా టైప్ చేయక్కర్లేదు.

కొత్తమేనేజర్:
అక్కా, ఇది బాగుంది. మరి రెట్రో? మా వాళ్లు "అంతా బానే ఉంది" తప్ప ఇంకో మాట అనరు.

టెస్టర్అక్క:
అప్రైజల్ రాసేది ఎవరు తమ్ముడూ? నువ్వేగా. నువ్వు గదిలో ఉండగా నీ గురించి ఎవరంటారు?

పాతకాపు:
దానికి జవాబు లేదు, ఆవిడ చెప్పింది నిజం. నేనైతే నెలకొకసారి నా తప్పు ఒకటి ముందు నేనే చెప్పి బయటికి వచ్చేస్తాను, తిరిగొచ్చేసరికి బోర్డు మీద ఒక్క మార్పు రాసి ఉండాలి, ఒకటే, పది కాదు. దాన్ని తర్వాతి స్ప్రింట్‌లో టికెట్‌గా పెడతాం. పెట్టకపోతే రెట్రో ఒట్టి ఏడుపు మీటింగ్.

అనుమానాలరావు:
ఇవన్నీ సరేగానీ పైవాళ్లు "ఏ తేదీకి ఇస్తావ్" అంటే ఏం చెప్తారు? టీమ్‌ని నమ్మండి అని 2001లో 17 మంది కలిసి రాసిన ఎజైల్ మ్యానిఫెస్టో చూపిస్తారా?

పాయింట్లబాధితుడు:
తేదీ వాళ్లది, అందులో ఏం వస్తుందన్నది మాట్లాడుకునేది. గత ఆరు స్ప్రింట్లలో నిజంగా పూర్తయినవి చూపించి, చేయాల్సినవాటి జాబితాలో ఒక గీత గీసి, ఈ తేదీకి ఈ గీత పైవి వచ్చేలా ఉన్నాయి, కిందివి డౌటు అంటాను. మొదటిసారి గట్టిగానే అరిచారు. మూడోసారికి గీత కిందిది ఒకటి పైకి జరిపి, పైది ఒకటి వాళ్లే కిందికి దించారు.

కొత్తమేనేజర్:
ఇవాళ కుడి చివర నుంచి మొదలెట్టించాను. 22 నిమిషాలు. ఆ ఎనిమిది రోజుల టికెట్ సంగతి బయటపడింది, టెస్ట్ సర్వర్‌కి పర్మిషన్ రాక ఆగిపోయిందట, రిక్వెస్ట్ నా మెయిల్‌లోనే పడి ఉంది, నేనే అప్రూవ్ చేయలేదు.