‘మాలపల్లి’ని చూసి భయపడింది దొరలా, దొరబాబులా?

పానగల్ పార్కు పాఠకుడు:
ఉన్నవ లక్ష్మీనారాయణ గారు పల్నాడులో పుల్లరి (అడవిలో పశువుల మేతపై పన్ను) వ్యతిరేక ఉద్యమంలో జైలుకెళ్లి, రాయవేలూరు జైల్లో 1922లో రాసిన నవల ఇది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. స్వాతంత్ర్యోద్యమ నవల కాబట్టే నిషేధించారని బడిలో చెప్పారు. మొన్న మళ్లీ చదివాను, నాకు నమ్మకం కుదరలేదు. కూలీల పక్షాన నిలిచిన సంగదాసును చంపింది తెల్లవాడు కాదు, భూస్వామి చౌదరయ్య. అప్పట్లో ఇక్కడ మద్రాసులో ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) పానగల్లు రాజా, మన తెలుగు జమీందారే. భయపడింది భూస్వాములే అంటాను.

పెరంబూరు పెద్దాయన:
రోజూ నడిచే పార్కుకు ఆయన పేరుందని పాపమంతా ఆయన నెత్తిన పెడితే ఎలాగండీ? అది ద్వంద్వ ప్రభుత్వం. విద్య, స్థానిక సంస్థలు మంత్రుల పాలు. పోలీసు, శాంతిభద్రతలు గవర్నరు కౌన్సిలు చేతిలోనే ఉండేవి. పైగా జైలు అధ్యాయాలు మీరు గబగబా తిప్పేసినట్టున్నారు. అక్కడున్నది సర్కారు కాక మరెవరు?

పానగల్ పార్కు పాఠకుడు:
ద్వంద్వ ప్రభుత్వం సంగతి ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. కానీ 1928లో ఎత్తేసిన నిషేధాన్ని 1936లో మళ్లీ పెట్టారు. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గాని తీరలేదు. అన్నేళ్లు వెంటాడేంత ఏముంది అందులో?

వ్యాసర్పాడి టీచరమ్మ:
ఎవరు సంతకం పెట్టారన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. మలయాళంలో చందు మేనోన్ నవల ‘ఇందులేఖ’ 1889 నాటిది. అందులో పద్దెనిమిదో అధ్యాయమంతా దేవుడు, కాంగ్రెసు అంటూ సుదీర్ఘమైన వాదన. రాసినది సర్కారు కొలువులోని న్యాయాధికారి! చదువుకున్నవాళ్లు చావడిలో కూర్చుని కాంగ్రెసు గురించి వాదించుకుంటే ఎవరికీ చెమట పట్టదు. ఆ అధ్యాయం తీసేసినా పెళ్లికథ హాయిగా సాగిపోతుంది. ‘మాలపల్లి’లోంచి కూలి గొడవ తీసేసి చూడండి, ఇక చదవడానికి ఏముంటుంది?

సంగదాసుది గాంధీగారి బాట. వాడి అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై కలిగినవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడు. ఉన్నవ గారు గాంధేయులై ఉండి కూడా జగ్గణ్ని దొంగ అని తీసిపారేయలేదు. అది గవర్నరుకూ నచ్చదు, చౌదరయ్యకూ నచ్చదు.

పెరంబూరు పెద్దాయన:
అమ్మా, జగ్గడి మాట నిజమే. కానీ నిషేధ ఉత్తర్వు వేసే అధికారం చౌదరయ్యకు లేదు గదా. నా మాట మీదే ఉన్నాను.

వ్యాసర్పాడి టీచరమ్మ:
ఉత్తర్వు వేయించే పలుకుబడి ఉంటే చాలదా, బాబాయిగారూ?